మారతహళ్ళిలో నాలుగు ఆదివారాలు: ఒక తెలుగు చర్చా తరగతిపై సమీక్ష

బెంగళూరు మారతహళ్ళిలో ఔటర్ రింగ్ రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు తిరిగితే, తెలుగు పుస్తకాలు అద్దెకిచ్చే చిన్న దుకాణం ఒకటి కనిపిస్తుంది. దాని పై అంతస్తులోని గదిలో, నెలకొక అంశం తీసుకొని, ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా తెలుగులో చర్చా తరగతులు నడుపుతున్నారు. 2008లో బరాక్ ఒబామా అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన తరువాత, ఆ దేశంలో జాతివివక్ష తగ్గిందా, తగ్గితే ఎంతమేరకు, తగ్గిందని చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలపై చెలరేగిన వాదోపవాదాలు నేను చేరిన బ్యాచికి పాఠ్యాంశం. నాలుగు ఆదివారాలకు రుసుము 1,200 రూపాయలు. మాకు పాఠం చెప్పినవారు అనంతపురంలో చాలాకాలం రాజనీతిశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకులు. అందరం ఆయనను మాస్టారనే పిలిచాం. మొత్తం పద్దెనిమిది మందిమి ఉన్నాం. సగం మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మిగిలినవారిలో ఎక్కువమంది నాలాగే పిల్లలో తోడబుట్టినవాళ్ళో అమెరికాలో ఉన్నవారు.

నేను చేరడానికి మా మరిది కారణం. అతడు 1998లో, కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం ఉందని కంపెనీలు మనవాళ్ళను పెద్ద ఎత్తున పిలిపించుకుంటున్న రోజుల్లో, న్యూజెర్సీ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఒబామా గెలిచిన వారంలో ఫోను చేసి, "వదినా, నల్లజాతి మనిషిని అధ్యక్షుణ్ణే చేశాం, ఇంకా ఈ దేశంలో వివక్ష ఉందంటే ఎవరు నమ్ముతారు? చదువుకొని కష్టపడితే ఎవరైనా పైకొస్తారు, ఇక సాకులు చెల్లవు" అన్నాడు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ తరువాత పదిహేనేళ్ళకు పైగా ఎప్పుడు మాట్లాడుకున్నా ఏదో ఒక సందర్భంలో ఆ మాట మా మధ్యకు వస్తూనే ఉంది. జవాబు వెతుక్కోవాలన్న పట్టుదలతోనే నేను ఆ మెట్లెక్కాను.

మొదటి ఆదివారం మాస్టారు మా మరిది వాదానికి న్యాయం చేస్తూ మొదలుపెట్టడం నాకు నచ్చింది. రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు ఒబామాకు 365, ఆయన ప్రత్యర్థి జాన్ మెకెయిన్‌కు 173 వచ్చాయని బోర్డు మీద రాసి, 1964 తరువాత ఒబామా పార్టీ అయిన డెమొక్రాట్లకు ఒక్కసారి కూడా దక్కని వర్జీనియా ఆ ఏడు ఒబామాకు దక్కిందని, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి రాజధానిగా ఉన్న రిచ్‌మండ్ ఆ వర్జీనియాలోదేనని చెప్పారు. ఓటమిని అంగీకరిస్తూ చేసిన ప్రసంగంలో మెకెయిన్, అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1901లో నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ను అధ్యక్ష భవనానికి భోజనానికి పిలిచినందుకు ఎంత రభస జరిగిందో గుర్తుచేసుకున్న సంగతి కూడా చెప్పారు. ఒక పూట భోజనానికి అంత గొడవ జరిగిన ఇంట్లోకి 2009 జనవరిలో ఒక నల్లజాతి కుటుంబం కాపురానికి వెళ్ళింది. ఇది చిన్న మార్పని ఎవరన్నా అన్యాయమే అవుతుంది. ఆ పక్కనే ఆయన ఇంకో లెక్క వేశారు: పోలింగు కేంద్రాల బయట జరిపిన సర్వేల ప్రకారం దేశం మొత్తం మీద తెల్లవారిలో ఒబామాకు ఓటేసినవారు నూటికి 43 మంది, దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో మాత్రం నూటికి పది మంది. ఒకే ఎన్నిక, ఒకే అభ్యర్థి. ఏ అంకె దగ్గర వేలు పెట్టి చూపిస్తే ఆ కథ వినిపిస్తుంది.

ఈ తరగతికి ప్రాణం రెండో ఆదివారం. వెళ్ళగానే ఒక్కొక్కరి ముందు ఒక పెన్సిలు, బోర్లించిన కాగితాలు పెట్టి, పది నిమిషాలలో ముప్ఫై ప్రశ్నలు పూర్తి చేయాలనీ, ఒక్కటి తప్పినా పరీక్ష పోయినట్టేననీ చెప్పారు. 1964లో లూసియానా రాష్ట్రంలో, అయిదో తరగతి చదివినట్టు రుజువు చూపలేనివారు ఓటరుగా నమోదు కావాలంటే రాయమన్న పరీక్ష అది. మాస్టారు దాన్ని తెలుగు చేసి తెచ్చారు. మొదటి ప్రశ్న: "ఈ వాక్యపు సంఖ్య చుట్టూ గాని అక్షరం చుట్టూ గాని గీత గీయండి." నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, వేల దరఖాస్తులు పరిశీలించాను. అయినా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నా పెన్సిలు ఆగిపోయింది. సంఖ్య అంటే పక్కనున్న ఒకటి అంకెనా, వాక్యంలోని మాటల లెక్కనా? అక్షరం అంటే ఏ అక్షరం? సున్న చుట్టాలా, గీత గీయాలా? నా పక్కనున్న కుర్రవాడు పెద్ద కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. అతడు ఒక మాట విడిచి ఒక మాట రాయమన్న ప్రశ్న దగ్గర మూడుసార్లు కొట్టివేసి, తల పట్టుకొని కూర్చున్నాడు. పది నిమిషాలు గడిచేసరికి సగం దాటినవారు నలుగురే. దిద్దిన తరువాత పద్దెనిమిది మందిలో ఒక్కరు కూడా ఓటరు కాలేదు.

మాస్టారు దిద్దిన పద్ధతిలోనే పాఠం ఉంది. ఒకే రకంగా రాసిన రెండు కాగితాలలో ఒకదానికి ఒప్పు, ఇంకొకదానికి తప్పు వేశారు. అదేమిటండీ అని మేం గొడవ చేస్తే, దిద్దేది నేను, నా ఇష్టం అన్నారు. ఆ రాష్ట్రాలలో నమోదు గుమాస్తా చేతిలో ఉన్న అధికారం సరిగ్గా అదే. చట్టంలో ఎక్కడా నల్లవారికి ఓటు లేదని రాసి లేదు. 1870లో వచ్చిన పదిహేనో రాజ్యాంగ సవరణ వారికి ఆ హక్కు ఇచ్చే ఉంది. అదే ఏడు మిసిసిపీ నుంచి హైరమ్ రెవల్స్ అనే నల్లజాతి నాయకుడు అమెరికా ఎగువసభ సెనేట్‌కు కూడా వెళ్ళాడు. ఆ తరువాత దశాబ్దాల తరబడి ఓటుకు కట్టించుకున్న పన్నులతో, పరీక్షలతో, కొరడాలతో ఆ హక్కును కాగితానికే పరిమితం చేశారు. 1870లో ఎవరైనా రెవల్స్‌ను చూపించి ఇక అంతా బాగుపడిందని అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండని మాస్టారు అన్నప్పుడు, నాకు మా మరిది ఫోను మాటలు చెవిలో వినిపించాయి.

1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచినవారిని పోలీసులు చితకబాదిన తరువాత, ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో ఓటు హక్కుల చట్టం వచ్చింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నియమాలలో ఏ మార్పు చేయాలన్నా ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది దానిలో కీలకమైన నిబంధన. ఒబామా రెండోసారి గెలిచిన మరుసటి ఏడు, 2013 జూన్ 25న, దేశం మారిందన్న ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తీర్పుతో, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా, ఏ రాష్ట్రాలకు ఆ నిబంధన వర్తించాలో తేల్చే సూత్రాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. నేను తడవడం లేదు కదా అని వానలో గొడుగు అవతల పారేయడం వంటిదని న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో రాశారు. కొన్ని గంటల్లోనే టెక్సాస్ తన ఓటరు గుర్తింపు చట్టాన్ని అమలు చేస్తున్నట్టు ప్రకటించింది. 2008 తరువాత సాగిన వాదన మాటలతో ఆగలేదనీ, ఒక ఎన్నిక ఫలితానికి చెప్పుకున్న అర్థం చట్టం రాతనే మార్చగలదనీ నాకు అర్థమైంది ఆ సాయంత్రమే.

మూడో ఆదివారం అంత గొప్పగా లేదు. 2009 జూలైలో నల్లజాతివాడైన హార్వర్డ్ ఆచార్యుడు హెన్రీ లూయీ గేట్స్ ప్రయాణం నుంచి తిరిగివచ్చి, తన ఇంటి తలుపు బిగుసుకుపోతే నెట్టి లోపలికి వెళ్ళినందుకు పోలీసులు వచ్చి చివరకు ఆయననే అరెస్టు చేసిన ఉదంతంతో మొదలైంది. పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారని ఒబామా అనడం, దాని మీద దేశం రెండుగా చీలడం, చివరకు ఆచార్యుణ్ణీ ఆ పోలీసు అధికారినీ అధ్యక్ష భవనంలో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం, ఇవన్నీ చెప్పారు. కాని మధ్యలో ఒక పెద్దమనిషి అందుకొని అరగంటకు పైగా ఎవరినీ మాట్లాడనివ్వలేదు. నిర్వాహకులు కల్పించుకోవలసింది, కల్పించుకోలేదు. రుసుము కట్టినవారందరికీ సమయం సమానమే కావాలి.

ఇంకొక లోపం దీనికన్నా పెద్దది. ప్రభుత్వం ఎవరి రంగూ చూడకూడదు, మేలు చేయడానికి కూడా చూడకూడదు అనే పక్షం వాదనను మాస్టారు తొలి రెండు వారాలలో పైపైన చెప్పి వదిలేశారు. దాన్ని బలంగా నిలబెట్టినది తరగతిలోని ఒక కర్నూలు అమ్మాయి. నల్లవారిని తెల్లవారి నుంచి వేరుపరచడం న్యాయమేనని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, రాజ్యాంగానికి రంగు కనిపించదని ఎదురు నిలిచి రాసినది న్యాయమూర్తి జాన్ హార్లన్ ఒక్కడేననీ, అదే సూత్రాన్ని పట్టుకొని 2023 జూన్ 29న హార్వర్డ్ ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కోర్టు కొట్టివేసిందనీ, దావా వేసినవారి వాదనలో ముఖ్యమైనది ఆసియా విద్యార్థులకు జరుగుతున్న అన్యాయమేననీ ఆమె చెప్పింది. తన అక్క కొడుకు కాలిఫోర్నియాలో కాలేజీ దరఖాస్తులు పెడుతున్నాడట. ఆమెతో నేను ఏకీభవించను. తాడుతో కాళ్ళు కట్టి పరుగెత్తించిన వాడికి తాడు విప్పిన క్షణం నుంచి పందెం సమానమని నేననుకోను. అయినా ఆ వాదన మాస్టారి నోటే, అంతే శ్రద్ధగా వినవలసింది.

నాలుగో ఆదివారం కోసమైనా ఈ తరగతికి వెళ్ళమంటాను. ఆ రోజు విషయం మన దగ్గరకు వచ్చింది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. అప్పటి చట్టం పౌరసత్వమిచ్చే విషయంలో తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే తలుపు తెరిచింది. మేం ఆర్యులం, ఉన్నత కులంవాళ్ళం, కాబట్టి తెల్లవాళ్ళమే అన్నది థిండ్ తరఫు వాదన. మామూలు మనిషి దృష్టిలో మీరు తెల్లవారు కారని 1923లో కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయులు దాన్ని పోగొట్టుకున్నారు. 1946లో భారతీయులకు ఏడాదికి వంద మంది చొప్పున కోటా వచ్చింది. ఓటు హక్కుల చట్టం చేసిన అమెరికా చట్టసభ కాంగ్రెసే, ఆ చట్టం వచ్చిన రెండు నెలలకు, దేశాలవారీ కోటాలను రద్దు చేస్తూ కొత్త వలస చట్టం చేసింది. 1965 అక్టోబరు 3న దాని మీద జాన్సన్ సంతకం పెట్టాడు. మన డాక్టర్లు, ఇంజనీర్లు, ఆ వెనుక మా మరిది వంటివారు వెళ్ళిన దారి అది. సెల్మాలో దెబ్బలు తిన్నవారి ఉద్యమం దేశం మనసాక్షిని కదిలించకపోతే ఆ సంతకం అంత త్వరగా పడేది కాదు. కష్టపడి పైకొచ్చానని మా మరిది చెప్పేది నిజమే. తలుపు తెరిచినవారు వేరు, అంతే.

థిండ్ వాదన విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక యువకుడు లేచి, ఇక్కడ టు లెట్ బోర్డు చూసి తాను ఫోను చేసిన ప్రతిసారీ పేరూ ఊరూ అయ్యాక వచ్చే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న గురించి చెప్పాడు. తెలుగు ఇంటివాళ్ళే అడుగుతారట; జవాబు చెప్పాక ఇల్లు ఖాళీ లేదంటారట. 2012 ఆగస్టులో తమ మీద దాడులు జరుగుతాయన్న వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాల పిల్లలు వేలమంది ఈ ఊరి స్టేషన్ల నుంచి గువాహటి రైళ్ళెక్కిన సంగతి, 2016 జనవరిలో తనకే సంబంధమూ లేని ప్రమాదానికి టాంజానియా విద్యార్థిని మీద ఒక గుంపు దాడి చేసి కారు తగలబెట్టిన సంగతి మరొకరు గుర్తుచేశారు.

నాకు కమ్మనహళ్ళిలో ఇల్లుంది. 2015లో మేడ మీది భాగం ఖాళీ అయినప్పుడు బ్రోకరు ఇద్దరు ఆఫ్రికా విద్యార్థులను తీసుకువచ్చాడు. పది నెలల అడ్వాన్సు చేతిలో పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డారు, నమస్కారం కూడా పెట్టారు. నేను లోపల నుంచే బ్రోకరుకు ఫోను చేసి వద్దని చెప్పాను, వారి ముఖం చూసి చెప్పలేదు. ఈ సంగతి తరగతిలో చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. మాస్టారు, ఆ ఇద్దరూ ఆ తరువాత ఎన్ని గేట్ల దగ్గర నిలబడి ఉంటారో అని మాత్రం అన్నారు. ఇప్పుడు మా మేడ మీద మణిపూర్ దంపతులు ఉంటున్నారు. ఆ ఇద్దరు కుర్రవాళ్ళ పేర్లు నేను అడగనైనా అడగలేదు.

ఇక సౌకర్యాల సంగతి. మెట్లు నిటారుగా ఉన్నాయి, చేతిపట్టీ ఒకవైపే ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. జెరాక్స్ కాగితాలు మసకగా ఉన్నాయి, తీర్పుల భాగాలు చదవడానికి భూతద్దం కావలసి వచ్చింది. వాన పడితే రేకుల చప్పుడుకు మాట వినపడదు. కాఫీ బాగుంది. 2016, 2020, 2024 ఎన్నికలకు చివర్లో ఇరవై నిమిషాలే మిగిలాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీరును మా దేశం నుంచి వెళ్ళిపొమ్మంటూ కాల్చి చంపిన ఘటనను ఒక్క వాక్యంతో దాటించారు. దీనికి అయిదో ఆదివారం ఒకటి కావాలని నేను రాసి ఇచ్చాను, వచ్చే బ్యాచి నుంచి చేరుస్తామన్నారు.

ఆ బ్యాచి జనవరిలో మొదలవుతుంది. మా మరిది అప్పటికి నెల రోజుల సెలవు మీద వస్తున్నాడు. అతడి పేరు మీద 1,200 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. విషయం ఫోనులో చెబితే, పరీక్ష ఉంటుందా వదినా అని అడిగాడు.