డిస్క్ కన్వర్షన్ కిట్ల కాంబినేషన్ వాల్వ్: వాల్వ్ మంచిదే, వైరింగ్ మాత్రం మీరే చూసుకోవాలి

పాత అమెరికన్ కార్లలో ముందు డ్రమ్ములు తీసి డిస్కులు బిగించే కిట్లలో ఎక్కువగా కనిపించేది జీఎం (జనరల్ మోటార్స్) తరహా ఇత్తడి కాంబినేషన్ వాల్వ్. ఒకే బాడీలో మూడు పనులు చేస్తుంది. వెనక డ్రమ్ముల్లో షూలు ఆనేదాకా ముందు డిస్కులను కొద్దిగా ఆపి ఉంచే మీటరింగ్ వాల్వ్ ఒకటి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలు లాక్ కాకుండా ప్రెషర్ తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వ్ రెండోది. మూడోది వార్నింగ్ లైట్ స్విచ్. చాలామంది మొదటి రెండిటి కోసమే కొంటారు గానీ, దీనికి డబ్బు పెట్టడానికి అసలు కారణం ఆ మూడోదే.

చేత్తో తిప్పే అడ్జస్టబుల్ ప్రొపోర్షనింగ్ వాల్వ్‌కు స్విచ్ ఉండదు. కంపెనీ బిగించిన డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ (బ్రేకు పైపులను పంచే, వార్నింగ్ స్విచ్ ఉన్న ముక్క) పీకేసి అదొక్కటే పెడితే, డాష్‌లో బ్రేక్ లైటు ఇక పార్కింగ్ బ్రేకుకు మాత్రమే వెలుగుతుంది. అమెరికన్ కార్లన్నిటికీ 1967 మోడళ్ల నుంచి రెండు సర్క్యూట్ల (ముందు, వెనక బ్రేకులకు వేర్వేరు ఆయిల్ దారుల) మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కుడును బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌గా మార్చే భాగం, వచ్చింది. అందులో ఒక సర్క్యూట్ పోయినా రెండోది కారును ఆపుతుంది, కాకపోతే పెడల్ ఎక్కువ దిగుతుంది, ఆగడానికి దూరం పెరుగుతుంది. మెల్లగా నడిపే మనిషికి అది వెంటనే పట్టుబడకపోవచ్చు. అప్పుడు చెప్పాల్సింది ఆ లైటే.

పని తీరు సులువు. రెండు సర్క్యూట్ల మధ్య చిన్న షటిల్ పిస్టన్ ఉంటుంది. ఒక వైపు ప్రెషర్ పడిపోతే అది ఆ వైపుకు జరుగుతుంది, స్విచ్ పిన్నుకు వాల్వ్ బాడీ ద్వారా గ్రౌండ్ (బ్యాటరీ నెగటివ్‌కు కలిసే కారు లోహం) దొరుకుతుంది, లైటు వెలుగుతుంది. కరెంటు వచ్చే దారి ఇది: ఇగ్నిషన్ ఆన్‌లో ఫ్యూజ్ నుంచి బల్బుకు, బల్బు నుంచి స్విచ్‌కు. జీఎం కార్లలో ఈ చివరి వైరు టాన్ (లేత గోధుమ) రంగు మీద తెల్ల చారతో ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ స్విచ్ కూడా ఇదే వైరును గ్రౌండ్ చేస్తుంది. స్టార్ట్ చేసే క్షణంలో ఇగ్నిషన్ స్విచ్ కూడా అదే పని చేస్తుంది, అది బల్బు బాగుందో లేదో చూపించడానికి.

కిట్లలో లోపం ఇక్కడే. ఒక టెర్మినల్ స్విచ్ ఇస్తారు, గ్రౌండ్ ఊసెత్తరు. బ్రాకెట్‌కు పౌడర్ కోటింగ్, ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య రేకు) కొత్త పెయింటు ఉంటే వాల్వ్ బాడీకి గ్రౌండ్ సరిగా అందదు. స్టీలు బ్రేకు పైపుల మీద ఆధారపడకండి. బ్రాకెట్ బోల్టు కింద రింగ్ టెర్మినల్ పెట్టి, కోటింగ్ గీకి, 18 గేజ్ వైరును శుభ్రమైన ఛాసిస్ మెటల్‌కు కలపండి. డాష్‌లోని 194 రకం బల్బు తీసుకునేది పావు ఆంపియరు పైచిలుకే కాబట్టి అంతకన్నా లావు వైరు అక్కర్లేదు. బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మీటరు దాదాపు సున్నా ఓమ్ చూపాలి.

బ్లీడింగ్‌లోనే, అంటే పైపుల్లోని గాలిని బయటికి తీసేటప్పుడే, ఎక్కువ స్విచ్‌లు పాడవుతాయి. ఒక వైపు నిపుల్ (చక్రం దగ్గర గాలి వదిలే మర) తెరిచి పెడల్ తొక్కగానే షటిల్ ఆ చివరకు కొట్టుకుంటుంది, పిన్ను వంగవచ్చు, విరగవచ్చు. అందుకే స్విచ్ విప్పి ఆ స్థానంలో షటిల్‌ను మధ్యలో పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్లీడింగ్ టూల్‌ను చేత్తో బిగించాలి. కొన్ని కిట్లలో ఇది రాదు, విడిగా కొనండి, వదులుకోవద్దు. స్విచ్ విప్పిన రంధ్రం నుంచి ఆయిల్ కారకూడదు. కారితే షటిల్ సీలు పోయినట్టు, కొత్తదైనా సరే వాల్వ్ వెనక్కి ఇచ్చేయండి. స్విచ్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, అతిగా బిగించవద్దు, స్విచ్ నైలాన్ బాడీ పగులుతుంది.

టూల్ లేకుండానే బ్లీడ్ చేసి లైటు ఆరకపోతే, చివరగా బ్లీడ్ చేసిన సర్క్యూట్ కాక రెండోదాని నిపుల్ తెరవండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి పెడల్ నెమ్మదిగా నొక్కండి, లైటు ఆరిన క్షణంలో ఆపి నిపుల్ మూసేయండి. విసురుగా తొక్కితే షటిల్ అవతలి చివరకు పోతుంది.

పరీక్ష తప్పనిసరి. ముందు స్విచ్ వైరు విప్పి గ్రౌండ్‌కు తాకించండి, బల్బు వెలగాలి. తర్వాత వైరు తిరిగి పెట్టి, వెనక నిపుల్‌కు గొట్టం తగిలించి తెరిచి, పెడల్ నిదానంగా నొక్కించండి, మళ్లీ వెలగాలి. మొదటిది వెలిగి రెండోది వెలగకపోతే గ్రౌండో, స్విచ్చో, బిగుసుకున్న షటిలో కారణం. పరీక్ష అయ్యాక షటిల్‌ను పైన చెప్పినట్టే మధ్యకు తెచ్చుకోవాలి.

కొత్త మాస్టర్ సిలిండర్ రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం సెన్సర్ ఉంటే, దాని ఒక వైరును టాన్ వైరుకు, రెండోదాన్ని గ్రౌండ్‌కు కలపవచ్చు. మట్టం తగ్గినప్పుడు మూసుకునే రకమే కావాలి. ప్యాడ్లు అరిగినా మట్టం దిగి లైటు వెలుగుతుంది, కాబట్టి ఇది షటిల్ స్విచ్‌కు తోడే తప్ప బదులు కాదు.

నాలుగు చక్రాలకూ డిస్కులు వేస్తుంటే ఈ డిస్క్-డ్రమ్ వాల్వ్ కొనకండి. మీటరింగ్ అవసరం ఉండదు, వెనక ప్రెషర్ తగ్గింపు కూడా వేరుగా ఉండాలి. మాస్టర్ సిలిండర్‌లో డ్రమ్ముల కోసం పెట్టిన 10 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వ్ (పెడల్ వదిలాక కూడా లైనులో కొద్ది ప్రెషర్ ఉంచేది) ఉంటే అదీ తీసేయాలి, లేకపోతే వెనక ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. అలాంటి కారుకు స్విచ్ ఉన్న డిస్ట్రిబ్యూషన్ బ్లాక్, వెనక లైనులో అడ్జస్టబుల్ వాల్వ్ కలిపి వాడడం మేలు.