మెక్లౌడ్ కథల పుస్తకం 'ఐలాండ్': మొదటి కథ ఒక్కదానికే డబ్బులు వసూల్

కెనడా రచయిత అలిస్టేర్ మెక్లౌడ్ కథలన్నీ కలిపి వేసిన పుస్తకం ఇది, మొత్తం 16 కథలు. నేను రాసేది మాత్రం మొదటిది, 1968లో వచ్చిన 'ది బోట్' గురించే, ఎందుకంటే పుస్తకం కొనాలా వద్దా అన్నది ఆ కథతోనే తేలిపోతుంది. ముగింపు కూడా చెప్పేస్తున్నా, తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయండి.

కెనడాలో కేప్ బ్రెటన్ దీవి, తరాలుగా చేపల వేట మీదే బతుకుతున్న ఇల్లు. అమ్మ నిలువెల్లా సముద్రం మనిషి. నాన్నేమో యూనివర్సిటీకి వెళ్ళాలని ఆశపడి, కుదరక పడవెక్కినవాడు, ఇంట్లో ఉన్నంతసేపూ కిటికీ పక్కన మంచం మీద పుస్తకం, సిగరెట్, రేడియో, అంతే. అన్నేళ్ళు సముద్రం మీద తిరిగినా ఆయన ఒళ్ళు ఎండకి అలవాటు పడదు, కాలి ఎర్రబడుతుంది, పెదాలు పగిలిపోతాయి. ఉప్పునీటికి మణికట్లు ఒరుసుకుపోకుండా చేతులకి ఇత్తడి గొలుసులు వేసుకుంటాడు. మొదటిసారి చదివితే ఇదేదో పనికి సంబంధించిన మామూలు వివరంలే అనిపిస్తుంది. పడవ పేరేమో జెన్నీ లిన్, అంటే అమ్మ పెళ్ళికి ముందు పేరు, అలా పేరు పెట్టడాన్ని కూడా ఆచారాల గొలుసులో ఇంకో లింకు అనే రాస్తాడు మెక్లౌడ్, అప్పుడు ఆ చేతులు చూస్తే వేరేగా కనపడతాయి.

అక్కలందరూ పెళ్ళిళ్ళు చేసుకుని దూరం వెళ్ళిపోతారు, పడవలో నాన్నకి తోడుండే బంధువు కూడా వేరే పడవకి వెళ్ళిపోతాడు. అప్పుడు కొడుకు, నువ్వు బతికున్నంతకాలం నీతోనే వేటకొస్తా అని మాటిస్తాడు. ఆ మాట గుర్తుపెట్టుకో అంటాడు నాన్న. నవంబర్ 21న తుఫాను గాలిలో ఇంటికొస్తూ కొడుకు వెనక్కి తిరిగి చూస్తే పడవలో నాన్న లేడు.

కావాలనే పోయాడా, అల లాక్కెళ్ళిందా, కథ చెప్పదు. చాలామంది దీన్ని తండ్రి త్యాగం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాక్కూడా త్యాగమనే అనిపిస్తుంది, కానీ అలా అనుకున్న మరుక్షణం ఆ కొడుకు పరిస్థితి ఏంటో ఆలోచించండి, వాడిచ్చిన మాటే నాన్నని నీళ్ళలోకి తోసినట్టు కదా! వాడిప్పుడు అమెరికాలో ఎక్కడో ప్రొఫెసర్, అయినా తెల్లవారుజామున నాలుగింటికి ఉలిక్కిపడి లేచి, రాత్రంతా తెరిచుండే హోటల్‌కి వెళ్ళి కాఫీ తాగుతుంటాడు. అక్కడ ఊళ్ళో అమ్మ వాడి మీద చేదుగా ఉంటుంది, నాన్న వేటాడిన నీళ్ళలోకి ఎవరూ వెళ్ళరు, వాడి కోసమని వదిలేశారు. అమ్మని విలన్ చేయకపోవడం నాకు చాలా నచ్చింది, ఆవిడ బాధా న్యాయమైనదే.

శవం రాళ్ళ మధ్య నలిగిపోయి దొరుకుతుంది, చేతులకి ఆ గొలుసులు అలాగే ఉంటాయి. ప్రాణం ఇచ్చి కొడుకుని విడిపించినాయన తను మాత్రం విడిపడలేదు. నాన్న ఇష్టంలేని పని చేసి చదివించిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఈ పేజీ దాటడం కష్టం.

ఇంగ్లీషు మరీ కష్టమేం కాదు, వాక్యాలు పొడుగు, మెల్లగా చదవాలి. కథలు రాసిన వరసలోనే పెట్టారు గానీ మీరు దీని తర్వాత 'ఇన్ ది ఫాల్'కి వెళ్ళండి, ముసలి గుర్రాన్ని అమ్ముకోవాల్సొచ్చిన ఇంటి కథ, అందులో నాన్న కూడా ఇలాంటివాడే.