పాత లేజర్ పడవ: సాగర్ నీళ్లకు పనికొస్తుందా?

నాగార్జునసాగర్‌లో పుట్టి మీద చేపలు పట్టేవాళ్లు లేజర్‌ను చూస్తే నవ్వుతారు, అంత పలచగా ఉంటుంది. పొడవు 4.23 మీటర్లు, తెరచాప, దాని సామాన్లు లేకుండా బరువు 59 కిలోలు. ఉన్నది ఒక్కటే తెరచాప, 7.06 చదరపు మీటర్లు. హుస్సేన్‌సాగర్ పోటీల్లో ఒక్క మనిషే కూర్చుని నడిపే పడవల్లో ఇదొకటి. ఇరవై ముప్పై ఏళ్ల పాతది కొని నాగార్జునసాగర్‌లోనో డిండి జలాశయంలోనో దించుదామనుకునేవాళ్లు పైపూత మెరుపు చూసి బేరం ఆడొద్దు.

కారు మీద కట్టుకుని పోయే పడవ కావాలని 1969లో కెనడా నుంచి ఇయన్ బ్రూస్ ఫోన్‌లో అడిగితే, పడవల డిజైనర్ బ్రూస్ కర్బీ మాట్లాడుతూనే కాగితం మీద గీసిన బొమ్మ ఇది. 1971 జనవరిలో న్యూయార్క్ బోట్ షోలో బయటికొచ్చింది, 1996లో ఒలింపిక్స్‌కు ఎక్కింది. కారు మీదికి ఎక్కాలన్న షరతు వల్లే ఇంత తేలిక. దీని జబ్బులు కూడా అక్కడి నుంచే మొదలు. మాస్ట్‌ను, అంటే తెరచాప కొయ్యను, పట్టి ఉంచే వైర్లు లేవు. రెండు అల్యూమినియం గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, తెరచాపను చొక్కాలా తొడిగి, డెక్ (పడవ పైభాగం) మీది గుంతలో నిలబెట్టడమే. పావుగంట పని, హాయిగా ఉంటుంది. కానీ గాలి తోపు మొత్తం ఆ గుంత మీదే పడుతుంది.

అడుగు ఒక అచ్చులో, డెక్ ఇంకో అచ్చులో పోస్తారు. ముందు జెల్‌కోట్ (మెరిసే పైపూత), దాని మీద గ్లాస్ ఫైబర్, పాలియెస్టర్ రెజిన్. డెక్‌లో మాత్రం రెండు పొరల నడుమ ఫోమ్ ఉంటుంది. చివరికి అంచుల వెంట రెండింటినీ అతికిస్తారు. కాబట్టి కొనేముందు చూడాల్సినవి మూడు: గుంత, ఫోమ్, అంచు.

గుంతలో నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి గంట ఆగండి. గీత కిందికి దిగితే అడుగున చిల్లు పడ్డట్టే. మాస్ట్ తిరిగినప్పుడల్లా దాని కింద ఇరుక్కున్న ఇసుక తిరగలిలా రుబ్బుతుంది. ఆ నీళ్లు పడవ లోపలికే పోతాయి. తర్వాత తూకం వేయండి. 65 కిలోలు దాటితే ఎక్కడో నీళ్లున్నాయని లెక్క, ఫోమ్ తాగి ఉండొచ్చు. డెక్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పోతే మంచి చోట టక్‌మంటుంది, పొర విడిపోయిన చోట బొదబొదలాడుతుంది. అంచు కోసం కాక్‌పిట్ (నడిపేవాడు కాళ్లు పెట్టే గుంట) ముందంచు కింద ఉండే చిన్న గాలి రంధ్రానికి టేప్ వేసి, వెనక ప్లగ్ రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో ఊది, సబ్బు నీళ్లు రాయండి. కంప్రెసర్ మాత్రం వద్దు, అతుకు ఊడి వస్తుంది.

గుంత కారుతుంటే భయపడక్కర్లేదు, ధర తగ్గించమని అడగొచ్చు. పక్కన అయిదంగుళాల ఇన్‌స్పెక్షన్ మూత కోసి, లోపల బాగా ఆరబెట్టి, 80 నంబరు ఎమరీతో గీకి, ఎపాక్సీతో మూడు నాలుగు పొరలు వేస్తే నిలుస్తుంది. పాత పాలియెస్టర్ మీద కొత్త పాలియెస్టర్ కన్నా ఎపాక్సీ గట్టిగా పడుతుంది. చాలామంది తప్పు చేసేది ఒక్క చోట: ఎపాక్సీకి మామూలు గ్లాస్ మ్యాట్ కొంటారు. ఆ మ్యాట్‌లో పీచును పట్టుకున్న బైండర్ పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీనే ఉండదు. మ్యాట్ బిర్రుగా లేచి మూలల్లో గాలి బుడగలు మిగులుతాయి. నేసిన గుడ్డ అడగండి. చిన్న పనులకు పాలియెస్టరే వాడితే, మే నెల నల్లగొండ ఎండలో హార్డ్‌నర్ ఒక శాతం దాటొద్దు, పొద్దున్నే పని ముగించాలి. కోబాల్ట్‌ను (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే ద్రావణం), హార్డ్‌నర్‌ను నేరుగా కలిపితే మంట లేస్తుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్.

ఇక సాగర్ సంగతి. నీళ్లు తగ్గే ఎండాకాలంలో రాళ్లు పైకి వస్తాయి. డాగర్‌బోర్డ్ (పడవ నడుమ గాడిలోంచి నీళ్లలోకి దింపే పలక) రాయికి తగిలితే అది దిగే గాడికి అడుగున వెనక మూల పగలొచ్చు. వెంట్రుకంత గీత కనిపించినా వదలొద్దు. వలల బెండ్లు కనిపిస్తే బోర్డు, చుక్కాని రెండూ ఎత్తేయాలి. డ్యాం వైపు పోవద్దు, ఎక్కడ దించొచ్చో నీటిపారుదల శాఖను అడిగాకే దించండి. మంచి నీళ్లు గనుక సముద్రం దగ్గరిలా రివెట్ల చుట్టూ అల్యూమినియం తినేయడం తక్కువ, ఇది మనకు లాభం.

నిలువ చేయడంలోనే ఎక్కువ పడవలు పాడవుతాయి. అడుగు కింద దిమ్మెలు పెట్టి ఎండలో వదిలేస్తే ఆ దిమ్మెల చోటే సొట్టలు పడతాయి. బరువు అంచుల మీద పడేటట్టు ఉంచాలి, లేకుంటే నీడలో బోర్లించాలి. ప్లగ్ తీసి పెట్టండి, అది మూసి ఉండి, గాలి రంధ్రం కూడా పూడుకుపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి అతుకునే తోస్తుంది. తెరచాపను మడవకుండా చుట్టండి.

గుంత, తూకం రెండూ సరిగ్గా ఉంటే తీసుకోవచ్చు. గుంత ఒక్కటే కారితే ధర తగ్గించుకుని తీసుకోవచ్చు. డెక్ మీద జానెడు కన్నా ఎక్కువ మేర బొదబొదలాడితే ఎంత చౌకైనా వదిలేయండి. ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని షికారు చేద్దామనుకుంటే మాత్రం ఇది మీ పడవ కాదు.