అంగోలా 1975: లువాండా కబురు నమ్మాలా, కిన్షాసా కబురా?

పక్కనున్న వలస రాజ్యంలో అల్లర్లు రేగి జనం మూటాముల్లె సర్దుకుంటున్నప్పుడు అసలు సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ ఊళ్లోనే ఉన్న కాన్సుల్‌కా, సరిహద్దు అవతలి రాజధానిలో ఉన్న రాయబారులకా? 1975లో పోర్చుగల్ వలసగా ఉన్న అంగోలా గురించి అమెరికాకు రెండు వైపుల నుంచీ కబుర్లు అందాయి: అంగోలా రాజధాని లువాండా నుంచి, పొరుగుదేశం జైరే (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) రాజధాని కిన్షాసా నుంచి. నా ఓటు లువాండాకే.

ఆ ఏడు జనవరిలో పోర్చుగల్, మూడు విమోచన ఉద్యమాలు (వామపక్ష ఎం.పి.ఎల్.ఎ., ఎఫ్.ఎన్.ఎల్.ఎ., యునిటా) పోర్చుగల్‌లోని ఆల్వోర్‌లో ఒప్పందం చేసుకున్నాయి. స్వాతంత్ర్యానికి నవంబరు 11 ముహూర్తం. ఒప్పందం ఎన్నాళ్లో నిలవలేదు. జూలైకల్లా ఎం.పి.ఎల్.ఎ. తన ప్రత్యర్థులైన ఎఫ్.ఎన్.ఎల్.ఎ.నూ యునిటానూ లువాండా నుంచి తరిమేసింది. దాదాపు 3 లక్షల మంది పోర్చుగీసువాళ్లు దేశం వదిలారు. మనుషులు విమానాల్లో, సామాన్లు చెక్కపెట్టెలకెక్కి ఓడల్లో.

కిన్షాసాకు ఒక బలం ఉంది, కాదనను. పోర్చుగల్ మీద 1961 తిరుగుబాటు నాటి నుంచీ ఉత్తర అంగోలా శరణార్థులు లక్షల్లో జైరేలోనే ఉన్నారు. ఎఫ్.ఎన్.ఎల్.ఎ. శిబిరాలూ అక్కడే. సరిహద్దు దాటే ఆయుధాలూ సైనికులూ లువాండాలో కూర్చుంటే కనపడవు. కానీ జైరే అధినేత మొబుటు ఈ తగవులో తీర్పరి కాదు, ఒక పక్షం. ఎఫ్.ఎన్.ఎల్.ఎ. నాయకుడు హోల్డెన్ రాబర్టోను పెంచి పోషించింది ఆయనే. పైగా ఆ జూన్‌లో కుట్ర నెపం మోపి అమెరికా రాయబారి డీన్ హింటన్‌నే వెళ్లగొట్టాడు. అలాంటివాణ్ణి మళ్లీ మంచి చేసుకోవాలని తంటాలు పడే రాజధాని నుంచి వచ్చే మాటలో ఆయన కోరిక ఎంత, నిజం ఎంత అని వడకట్టుకోవాల్సిందే.

లువాండాలో అమెరికా కాన్సుల్ జనరల్ టామ్ కిల్లోరాన్. పాలించే సత్తా ఎక్కువున్నది ఎం.పి.ఎల్.ఎ.కే అని ఆయన అంచనా. అక్కడి సి.ఐ.ఎ. అధికారి రాబర్ట్ హల్ట్‌స్లాండర్ కూడా అదే నిర్ణయానికొచ్చానని తర్వాతి కాలంలో చెప్పాడు. వేర్వేరు శాఖల మనుషులు, సొంత ప్రభుత్వానికి రుచించని మాట. నాకు నమ్మకం కలిగించేది అదే.

వలస పోయేవాళ్ల సంగతి తీసుకోండి. దూరం నుంచి చూస్తే అది లెక్క, లేదా కమ్యూనిస్టుల భయానికి సాక్ష్యం. ఊళ్లో ఉన్నవాడికి మెకానిక్కు, డాక్టరు, లారీ డ్రైవరు, కొట్టు యజమాని వెళ్లిపోవడం కనిపిస్తుంది. రేపు ఈ దేశం దేనితో నడుస్తుందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. లోపమూ లేకపోలేదు. లువాండా ఎం.పి.ఎల్.ఎ.కు పట్టున్న ఊరు. అక్కడి కిటికీలోంచి యునిటాకు పట్టున్న మధ్య అంగోలాలోని హువాంబో పీఠభూమి కనపడదు.

వాషింగ్టన్ జూలైలోనే రాబర్టోకూ, యునిటా నాయకుడు సవింబికీ రహస్య సాయం ఖాయం చేసింది. అది వద్దన్న ఆఫ్రికా వ్యవహారాల సహాయ మంత్రి నథానియెల్ డేవిస్ ఆగస్టులో రాజీనామా చేశాడు. నవంబరు మొదట్లో లువాండా కాన్సులేటు మూతబడింది. నవంబరు 10న కిఫాంగోండో దగ్గర, రాజధాని పొలిమేరల్లో, రాబర్టో సేనలు జైరే సైనికులతో సహా చెదిరిపోయాయి.

నేనైతే సరిహద్దు కదలికలకు కిన్షాసాను అడిగేవాణ్ణి, ఎవరు పాలించగలరన్న ప్రశ్నకు లువాండాను. ఆ కాన్సులేటును మాత్రం ఆ వారంలో మూయనిచ్చేవాణ్ణి కాదు.