సైట్ మీద మూడేళ్లు వాడాక: ఫోన్ పౌచ్, టెంపర్డ్ గ్లాస్, చేతి తాడు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. ఫోన్ కింద పడినా బతకాలంటే డబ్బు పెట్టాల్సింది నాలుగు మూలలూ మందంగా ఉన్న పౌచ్ మీద. ఆ పౌచ్ అంచు, టెంపర్డ్ గ్లాస్ అతికించిన తర్వాత కూడా, స్క్రీన్ కంటే ఒక మిల్లీమీటరైనా పైకి లేచి ఉండాలి. డబ్బా మీద రాసే గాజు పేరు, మిలిటరీ గ్రేడ్ ముద్ర, ఖరీదైన స్క్రీన్ గార్డు అన్నీ దాని తర్వాతే. మూడేళ్లు దాటి ఒకే ఫోన్ వాడుతున్నాను, అదీ ఫోన్లకు అస్సలు పడని చోట.

నేను హైదరాబాద్‌లో సైట్ ఇంజనీర్‌ని. కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్లలో పని. డ్రాయింగులన్నీ ఫోన్లోనే చూడాలి, కాంక్రీటు పోసే ముందు కట్టిన ఐరన్ ఫొటోలు తీసి పంపాలి, మధ్యలో మేస్త్రీ ఫోను, కాంక్రీటు లారీ డ్రైవరు ఫోను, ఆఫీసు ఫోను. చేతికి చెమట, సిమెంటు, ఒక్కోసారి గ్లవ్స్. ఇలాంటి చోట ఫోన్ పడకుండా ఉండదు. పడితే కంకర తేలిన స్లాబ్ మీదో, కడ్డీల మీదో, ఇంకా ప్లాస్టరింగ్ కాని మెట్ల అంచు మీదో పడుతుంది. నాది ఇరవై వేల రేంజ్ ఫోను: ఫ్లాట్ అమోలెడ్ స్క్రీన్ (బొమ్మలోని చుక్కలే వెలిగే రకం), ప్లాస్టిక్ ఫ్రేము, వెనక కూడా ప్లాస్టిక్కే. ఆ మోడల్ ఇప్పుడు అమ్మకంలో లేదు, పేరు చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు. స్క్రీన్ ఇప్పటికీ కంపెనీదే, ఫ్రేము మీద రెండు చోట్ల సొట్టలున్నాయి, అంతే.

మాట్లాడుతూ ఉండగా చెవి దగ్గర్నుంచి జారిందనుకోండి, సుమారు మీటరున్నర ఎత్తు. నేలకు తగిలేసరికి వేగం గంటకు దాదాపు 19.5 కిలోమీటర్లు ఉంటుంది. 200 గ్రాముల ఫోన్‌కి అది 3 జౌల్స్ శక్తి, చెప్పుకోదగ్గంత పెద్దదేమీ కాదు. బల్లపరుపుగా పడితే ఆ దెబ్బ ఫోన్ మొత్తానికీ పంచుకుపోతుంది, చాలాసార్లు ఏమీ కాదు. అదే మూల మీద పడితే మొత్తం దెబ్బ బియ్యపు గింజంత చోట దిగుతుంది, ఫ్రేము ఒక్క క్షణం వంగుతుంది, ఆ వంపు గాజు అంచు దాకా వెళ్తుంది, అక్కడినుంచే గాజు చీలుతుంది. పగిలిన స్క్రీన్లు ఎక్కడ కనిపించినా గమనించండి, చాలావాటిలో పగుళ్లు ఒక మూల దగ్గర మొదలై లోపలికి పాకి ఉంటాయి. ఇంకో రకం చావు ఉంది: బోర్లా పడటం, కింద సరిగ్గా ఒక కంకర రాయి ఉండటం. దానికి పౌచ్ అంచు సరిపోదు, రాయి అంచు కంటే ఎత్తుంటే నేరుగా గాజుకే తగులుతుంది. అక్కడ టెంపర్డ్ గ్లాసే దిక్కు.

పౌచ్‌లలో దాదాపు అన్ని రకాలూ వాడి చూశాను. డబ్బాతో పాటు వచ్చిన పారదర్శకమైన పౌచ్ టీపీయూ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసింది, పల్చగా ఉంటుంది, కొత్తలో బాగానే పట్టుకుంటుంది కానీ ఎండకీ వేడికీ పసుపుపచ్చగా మారి వదులైపోయింది. వదులైన పౌచ్ అసలు పౌచ్ లేనట్టే, ఎందుకంటే మూల నేలకు కొట్టగానే ఫోన్ దాంట్లోంచి బయటికి ఎగిరిపోయి రెండో దెబ్బ ఒంటరిగా తింటుంది. ఆన్‌లైన్‌లో బాగా కనిపించే పల్చటి గట్టి ప్లాస్టిక్ కవర్లు గీతలు పడకుండా ఆపుతాయి, దెబ్బను మాత్రం ఆపలేవు, మూలల దగ్గర అవే ముందు పగిలిపోతాయి. ఫ్లిప్ కవర్ జేబులో ఉన్నంతసేపూ మంచిదే. పడేటప్పుడు గాల్లోనే రెక్క తెరుచుకుంటుంది, ఫొటో తీస్తుంటే వేలాడుతుంది, సైట్ పనికి నప్పదు. వెనక ఉంగరం ఉండే ఆర్మర్ రకం గట్టిదే, లోపల రబ్బరు, పైన గట్టి ప్లాస్టిక్, రెండు పొరలు. కానీ బరువు ఎక్కువ, కొన్నిటిలో ఉండే మాగ్నెట్ ప్లేటు వల్ల ఫోన్లో దిక్సూచి తప్పు చూపిస్తుంది, డ్రాయింగ్‌లో ఉత్తరం ఎటో చూసుకోవాల్సిన మాలాంటి వాళ్లకు అది పనికిరాదు.

చివరికి నిలబడింది నాలుగు వందల యాభై పెట్టి కొన్న మందపాటి రబ్బరు పౌచ్. మూలల్లో లోపలివైపు చిన్న చిన్న గాలి అరలుంటాయి. పడినప్పుడు ఆ అరలు నొక్కుకుపోయి ఫోన్ ఆగడానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం ఎక్కువ ఇస్తాయి. వినడానికి అదెంత అనిపిస్తుంది కానీ ఆగే దూరం రెట్టింపైతే సగటు దెబ్బ సగమవుతుంది, అసలు రక్షణంతా ఆ కొంచెం దూరంలోనే ఉంది. షాపులో కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఇది: ఫోన్‌కి పౌచ్ వేసి, కౌంటర్ గాజు మీద బోర్లా పెట్టి, కింద నుంచి రెండు విజిటింగ్ కార్డులు కలిపి తోస్తాను. ఎక్కడా తగలకుండా అటునుంచి బయటికొస్తే తీసుకుంటాను. వేయడానికీ తీయడానికీ కాస్త కష్టపడాలి, సులువుగా ఊడొస్తే వద్దు. రంగు బాగుందని కొనకండి, దయచేసి. మన ఎండలకు ఏ రబ్బరైనా సాగుతుంది కాబట్టి వేసవి అయిపోగానే పట్టు చూసుకుని, వదులైతే మార్చేస్తాను.

ఇప్పుడు గాజు సంగతి. ఫోన్ స్క్రీన్లకు వాడే గొరిల్లా గ్లాస్ లాంటివాటిని వేడికి కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న సోడియం అయాన్లు బయటికి పోయి వాటి చోట పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి, దాంతో పైపొర గట్టిగా నొక్కుకుపోయి ఉంటుంది. ఆ నొక్కిడి ఉన్నంతవరకు పగులు మొదలవడం కష్టం. లోతైన గీత ఆ పొరను దాటిందంటే మాత్రం గాజు అక్కడ బలహీనమైపోయినట్టే, తర్వాత చిన్న దెబ్బకే పోతుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలతలో ఫోన్ గాజు 6 దగ్గర్లో ఉంటుంది, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. అంటే జేబులో ఉన్న రెండు ఇసుక రేణువులు చాలు, ఎంత పేరున్న గాజునైనా గీరేస్తాయి. తాళంచెవులు గీస్తాయని అందరూ భయపడతారు కానీ మామూలు తాళంచెవి లోహం గాజు కంటే మెత్తనిది, అసలు శత్రువు ఇసుకే. సైట్లో పనిచేసేవాళ్లే కాదు, ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు, బీచ్‌కి వెళ్లేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. నేను ఫోన్‌ని చొక్కా అంచుతో తుడవను, ముందు గట్టిగా ఊది ఇసుక పోగొట్టాకే గుడ్డ పెడతాను. వారానికోసారి పౌచ్ తీసి కడుగుతాను, లేకపోతే లోపల చేరిన ఇసుక ఫోన్ వెనక భాగాన్ని ఉప్పు కాగితంలా అరగదీస్తుంది.

ఎంత పడినా తట్టుకుంటుందని కంపెనీలు చెప్పే ఎత్తులు చదివేటప్పుడు కింద నేల ఏమిటో కూడా చదవాలి. 2020లో గొరిల్లా గ్లాస్ విక్టస్ వచ్చినప్పుడు దాన్ని తయారుచేసే కార్నింగ్ చెప్పింది గట్టి, గరుకు నేల మీద 2 మీటర్ల వరకు. 2022లో విక్టస్ 2కి చెప్పింది కాంక్రీటును పోలిన నేల మీద 1 మీటరు. కొత్తది తక్కువదని కాదు, పరీక్ష చేసిన నేల మారింది. మిలిటరీ గ్రేడ్ సంగతీ ఇంతే. అమెరికా మిలిటరీ ప్రమాణం 810జిలో పడేసే పరీక్ష 1.22 మీటర్ల నుంచి 26 సార్లు: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. కింద పరిచేది 2 అంగుళాల ప్లైవుడ్, దాని అడుగున కాంక్రీటు. పైగా ఆ 26 సార్లూ ఒకే ఫోన్ పడక్కర్లేదు, ఐదింటి వరకు పంచుకోవచ్చు. పరీక్ష చేయించుకునేది తయారీదారులే, సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. పరీక్ష మంచిదే, కాకపోతే మన కాంక్రీటు మెట్లకు అది హామీ అని నమ్మి పౌచ్ లేకుండా తిరగొద్దు. నాకు నచ్చిన పద్ధతి యూరప్‌ది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, ఫ్రిజ్‌లకు ఉన్నట్టే, లేబుల్ ఉండాలి, అందులో పడితే ఎంత తట్టుకుంటుందో ఇంగ్లిషు అక్షరాల్లో ఎ (మేలైనది) నుంచి ఇ వరకు గ్రేడు ఇస్తారు. మామూలు ఫోను కనీసం 45 సార్లు పడినా పనిచేయాలి. మన దగ్గర కూడా డబ్బా మీద ఇలాంటిది ఉంటే షాపువాడి మాట నమ్మాల్సిన అవసరం ఉండదు.

టెంపర్డ్ గ్లాస్ గురించి షాపులో చెప్పేది ఒకటే మాట: "అన్నా, ఇది 9హెచ్, సుత్తితో కొట్టినా ఏం కాదు." ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం కొలత, 9హెచ్ అనే బాగా గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదని అర్థం. మోస్ కొలతలో 9 అంటే నీలం రాయి గట్టిదనం, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇసుకకు 9హెచ్ గ్లాస్ కూడా గీరుకుపోతుంది. అందుకే నేను నూరు నుంచి నూట యాభై లోపువే వేయిస్తాను, అంచు దగ్గర పెచ్చు లేచినా, మధ్యలో వేలికి తగిలే గీత పడినా వెంటనే మార్చేస్తాను. అది పగలడానికే ఉంది, పగిలితే పని చేసినట్టే. చూసుకోవాల్సింది రెండు: జిగురు అంచులకే కాకుండా మొత్తం ఉండాలి, లేకపోతే మధ్యలో టచ్ సరిగా రాదు. గ్లాస్ సైజు స్క్రీన్ కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండాలి, లేకపోతే పౌచ్ దాన్ని అంచుల్లోంచి లేపేస్తుంది. ప్రైవసీ గ్లాస్ ఎండలో ఏమీ కనబడనివ్వదు, బయట పనిచేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. వంపు స్క్రీన్లకు యూవీ జిగురుతో (అతినీలలోహిత కాంతికి గట్టిపడేది) వేసే గ్లాస్ అంటేనే నాకు టెన్షన్, ఆ జిగురు పల్చటి ద్రవం, స్పీకరు రంధ్రాల్లోకీ బటన్ల సందుల్లోకీ దిగి గడ్డకడితే అదో కొత్త రిపేరు. తర్వాతి ఫోన్ కూడా ఫ్లాట్ స్క్రీన్‌దే కొంటాను.

తాడు గురించి ఎవరూ రాయరు, నేను మాత్రం గట్టిగా చెబుతాను. పౌచ్ అడుగున ఛార్జింగ్ రంధ్రం దగ్గర ఇరికించే చిన్న బిళ్ళ, దానికి మణికట్టు తాడు, రెండూ కలిపి వంద రూపాయల్లోపే. పై అంతస్తుల్లో, పరంజా మీద, షాఫ్టుల దగ్గర తాడు లేకుండా ఫోన్ బయటికి తీయను. అక్కడ నా భయం ఫోన్ పోతుందని కాదు. 30 మీటర్ల పైనుంచి జారిన ఫోన్, గాలి ఆపడం లెక్కలోకి తీసుకోకపోతే, కిందికి చేరేసరికి గంటకు 87 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. కింద ఇటుకలు మోస్తున్న మనిషి ఉంటే? హెల్మెట్ ఉన్నా ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పలేం. మా మేస్త్రీలకీ సెంట్రింగ్ వాళ్లకీ ఇదే చెప్పి తాళ్లు ఇప్పించాను, మొదట్లో మొహమాటపడినా ఇప్పుడు వాళ్లే "సార్, ఇంకొకటి తెప్పించండి" అని అడుగుతున్నారు. బాల్కనీలోంచి వంగి వీడియో కాల్ మాట్లాడేవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

మందపాటి పౌచ్‌తో ఒక ఇబ్బంది నిజంగా ఉంది, వేడి. మే నెలలో స్లాబ్ మీద ఫోన్ కాలిపోతుంది, వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు పౌచ్ తీసేస్తాను, నీడలో పెడతాను. వేడి వల్ల బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, ఉబ్బితే వెనక మూతను లోపలినుంచి తోస్తుంది, అప్పుడు నీళ్లు ఆపే జిగురు కూడా వదిలేస్తుంది. అందుకే దుమ్ము, నీళ్లు చొరబడవని చెప్పే ఐపీ68 ముద్ర ఉన్నా, ఒకసారి విప్పి రిపేరు చేసిన ఫోన్‌ని నీళ్ల దగ్గర నమ్మను.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూసేవాళ్లకు ఒక మాట. ఇంజన్ అదురు కెమెరాలో చేయి వణుకును సరిచేసే భాగాన్ని పాడుచేయగలదని 2021లో యాపిల్ తన ఫోన్ల గురించి స్వయంగా హెచ్చరించింది. ఓఐఎస్ అనే ఆ భాగం ఉన్న ఏ ఫోన్‌కైనా ఆ జాగ్రత్త మంచిదే, నేను జేబులో పెట్టుకుని చెవిలో దారి వింటాను.

మా టీమ్‌లో ఒకతనికి ఖరీదైన వంపు స్క్రీన్ ఫోన్ ఉండేది, పౌచ్ వేస్తే అందం పోతుందని వేయలేదు. మోకాలి ఎత్తు నుంచి మెట్టు అంచు మీద పడి డిస్‌ప్లే పోయింది. అతను ఉండే కాలనీలో ఒక షాపులో కాంబో (గాజు, టచ్, డిస్‌ప్లే కలిపి ఒకే ముక్క) మార్పించాడు, ఒరిజినల్ అని డబ్బు తీసుకుని ఎల్‌సీడీ కాపీ వేశారు, స్క్రీన్ కిందుండే వేలిముద్ర పనిచేయడం మానేసింది. అమోలెడ్ వెలుతురు మీద ఆధారపడే ఆ సెన్సర్ ఎల్‌సీడీ వెనక చూడలేదు. అతని బాధ చూశాక చెబుతున్నాను, కాంబో మార్పించే ముందు అమోలెడా ఎల్‌సీడీయా అడిగి బిల్లు మీద రాయించుకోండి, షాపులోనే వేలిముద్ర పెట్టి చూడండి. పైగాజు మాత్రమే పగిలి బొమ్మ, టచ్ బాగుంటే కాంబో అక్కర్లేదు, గ్లాస్ ఒక్కటే మార్చే మిషన్లు అబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల ఉంటాయి, ఖర్చు బాగా తగ్గుతుంది.

పడిన వెంటనే ఏం చూడాలంటే, ముందు టెంపర్డ్ గ్లాస్ పీకి చూడండి, చాలాసార్లు పగిలింది అదే. తర్వాత కెమెరా తెరిచి దగ్గర వస్తువు, దూరపు వస్తువు ఫోకస్ చేయండి, ఒక కాల్ చేసి చెవి దగ్గర స్క్రీన్ ఆరుతుందో లేదో చూడండి, వెనక మూత ఎక్కడైనా లేచిందేమో గోటితో తడమండి. నిజంగా స్క్రీనే పగిలితే పైన వెడల్పాటి పారదర్శక టేపు అతికించండి, గాజు ముక్కలు చెంపకూ వేళ్లకూ గుచ్చుకోవు. ఆ రోజే ఫొటోలూ నంబర్లూ బ్యాకప్ తీసేయండి, పగులు పాకి టచ్ పోతే ప్యాటర్న్ గీయడానికి కూడా దారుండదు. అలా టచ్ పోయినా బొమ్మ కనిపిస్తూ ఉంటే ఆశ వదులుకోవద్దు, యాభై రూపాయల ఓటీజీ పిన్ను (ఫోన్‌కి మౌస్ లాంటివి తగిలించే చిన్న ముక్క) ఛార్జింగ్ రంధ్రంలో పెట్టి, దానికి కంప్యూటర్ మౌస్ గుచ్చితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బాణం గుర్తు వస్తుంది, దాంతోనే ప్యాటర్న్ గీసి లోపలున్నవన్నీ తీసుకోవచ్చు.