హైదరాబాద్–సింగపూర్: టికెట్ మీద నాలుగున్నర గంటలు, ఇంటి నుంచి ఇంటికి పది

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు గగనమార్గాన దూరం దాదాపు 3,300 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం నాలుగుంపావు నుంచి నాలుగున్నర గంటలు తీసుకుంటుంది. మా అమ్మాయి అక్కడ కాపురం పెట్టినప్పటి నుంచి, ఏళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నాను. తొలిసారి వెళ్లేవారికి నేను చెప్పే లెక్క మాత్రం పది గంటలు.

రాత్రి పదకొండు దాటాక బయల్దేరే విమానానికి కూకట్‌పల్లిలో ఏడింటికల్లా కారెక్కాలి. శంషాబాద్‌లో సామాను అప్పగించడం, ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ అయ్యేసరికి కాళ్లు పీకుతాయి. అటువైపు సింగపూర్ విమానాశ్రయం చాంగీలో పని చకచకా సాగుతుంది. వీసా కాక, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు (మన రాక వివరాల పత్రం) నింపి ఉంచుకోవాలి. దానికి రుసుము లేదు.

అసలు ఇబ్బంది నిద్రది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఆరుకు దిగామంటే మన ఒంటికి అది తెల్లవారుజామున మూడున్నర. విమానం పైకి లేచాక భోజనం పెట్టి, పళ్లేలు తీసి, దీపాలు ఆర్పేసరికి గంటన్నర గడుస్తుంది. దిగడానికి ముప్పావుగంట ముందే మళ్లీ దీపాలు వెలిగిస్తారు, సీటు నిటారుగా పెట్టమంటారు. మధ్యలో మిగిలేది రెండు గంటల కునుకు. అందుకే ఇంట్లోనే తినేసి, ఎక్కగానే కళ్లు మూసుకుంటాను. దిగిన రోజు ఏ పనీ పెట్టుకోను.

తూర్పుకు వెళ్లేటప్పుడు గాలి తోడుండి త్వరగా చేరతామని చాలామంది అంటారు. ఈ దారిలో వానాకాలంలో అది తారుమారవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం, బంగాళాఖాతాల మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు బలమైన గాలులు వీస్తాయి. వీటినే ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. 1950ల్లో దీన్ని గుర్తించి వివరించినది వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. ఆ సంగతి తెలిశాక, ఆగస్టులో తిరిగి వస్తూ విమానం చెప్పిన సమయానికి ముందే శంషాబాద్‌లో దిగినప్పుడల్లా ఆయన్ను తలచుకుంటాను.

ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య వెళ్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. మలక్కా జలసంధి మీదుగా సుమత్రా వైపు నుంచి వచ్చే ఈదురుగాలుల వాన తరచుగా తెల్లవారుజామునే సింగపూర్‌ను తాకుతుంది. మన రాత్రి విమానం చేరేది సరిగ్గా ఆ వేళకే. అప్పుడు కుదుపులు ఉంటాయి, దిగేందుకు అనుమతి వచ్చేదాకా విమానం ఆకాశంలోనే చుట్లు కొట్టవచ్చు. కాబట్టి ఎనిమిదింటికి ఆఫీసులో సమావేశం పెట్టుకోవద్దు.

చెన్నై, కౌలాలంపూర్ లేదా బ్యాంకాక్‌లో విమానం మారితే కొన్ని వేలు మిగలవచ్చు. ఒంటరిగా వెళ్లే కుర్రవాళ్లకు పరవాలేదు. పెద్దవాళ్లను మాత్రం దయచేసి అలా పంపకండి. అర్ధరాత్రి పరాయి విమానాశ్రయంలో ఐదారు గంటలు ఇనుప కుర్చీలో కూర్చోవడం అరవై దాటినవారికి శిక్షే. చౌక టికెట్ కొన్నా సామాను రుసుము కలిపి చూడండి. ఆవకాయ జాడీలు, కారప్పొడులు తూకం వేయించాక తేడా ఏమంత మిగలదు.

తిరుగు ప్రయాణానికి నా ఓటు సాయంత్రం విమానానికే. అక్కడ ఎనిమిదింటికి బయల్దేరితే పదింటికల్లా ఇక్కడ దిగుతాం, పన్నెండున్నరకు సొంత మంచం మీద ఉంటాం.