అడవికి ఏది మేలు: మడత చాకా, ఒరలో కత్తా?

వానలు పడి ట్రెక్కులు మొదలయ్యాయంటే చాలు, "అన్నా, ఏ కత్తి కొనమంటావు?" అని కనీసం నలుగురు అడుగుతారు. అందులో ముగ్గురి కన్ను పెద్ద కత్తి మీదే. చెట్లు కొట్టే పని మనకు లేదు, కొట్టనివ్వరు కూడా. కాబట్టి పోటీ మడత చాకుకీ, ఒరలో పెట్టుకునే చిన్న కత్తికీ మధ్యే.

మడత చాకు తేలిక. జేబులో పడుంటుంది, బస్సులో పక్కవాళ్లు కంగారుపడరు. ఉల్లిపాయలు తరగడానికి దాని పల్చటి అలుగే హాయి. నాలుగేళ్లు నేనూ అదే మోశాను. పోయిన జూలైలో అరకు దారిలో అనంతగిరి దగ్గర రాత్రంతా వాన. టార్పాలిన్ తాడు ముడి బిగిసిపోయింది. కోద్దామని చాకు తీస్తే అలుగు బయటికి రాదు. చెక్క పిడి నాని ఉబ్బి, దాన్ని పట్టేసింది. గోరు విరిగింది. చివరికి పిడి వెనక భాగాన్ని రాయికేసి కొట్టి కొట్టి తీశాను. ప్లాస్టిక్ పిడికి ఈ బాధ లేదు కానీ, కీలులో బురద చేరితే అదీ మొరాయిస్తుంది.

నాకైతే ఆ కీలు దగ్గరే విషయం తేలిపోయింది. ఒరలో కత్తికి అసలు కీలే లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోయినా ఒంటిచేత్తో లాగొచ్చు, మగ్గెడు నీళ్లతో కడిగేయొచ్చు. ఇప్పుడు నా నడుముకున్నది స్వీడన్‌లో చేసే మోరా కంపానియన్. అలుగు 10 సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు. మొద్దులు చీల్చడానికి పనికిరాదు, తాళ్లకీ పుల్లలకీ చాలు. ఇందులో కార్బన్ స్టీల్ రకం సులువుగా పదునెక్కుతుంది కానీ, నిమ్మకాయ కోసి తుడవకుండా పడుకుంటే పొద్దుటికల్లా మరకలే. మన తేమకు స్టెయిన్‌లెస్సే తీసుకోండి.

పట్టకారు, స్క్రూడ్రైవర్, చాకు అన్నీ ఒకదాంట్లోనే ఉండే మల్టీటూల్ అంటారా? స్టవ్ బాగుచేసుకోవడానికి సరే.

ఇంకొకటి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కత్తి కూడా ఆయుధమే. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి తీసుకెళ్లకూడదు. నల్లమల వైపు వెళ్లేవాళ్లు అటవీశాఖ వాళ్లను ముందే అడగండి. విమానమైతే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. మా తమ్ముడు భుజాన బ్యాగులో పెట్టుకెళ్లి, కొత్త చాకును సెక్యూరిటీ దగ్గరే వదిలేసి ఫ్లైటెక్కాడు.